వారానికి ఒకటంటే వారానికి ఒకటే

మోకాళ్ల నొప్పుల మీద మేం రాసిన వ్యాసం చూసి నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి చాలామంది ఉత్తరాలు రాశారు. ఎక్కువమంది అడిగింది విటమిన్ డి గురించే. ఒకే సందేహాన్ని నలుగురు నాలుగు రకాలుగా అడిగిన చోట కలిపి జవాబిస్తున్నాం. పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాం.

నాకు 42 ఏళ్లు. విటమిన్ డి పరీక్షలో 11 వచ్చింది. 60,000 యూనిట్ల పొడి సాచెట్లు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు వాడమన్నారు. పొద్దున్నే పరగడుపున నీళ్లలో కలుపుకుని తాగుతున్నాను. ఎనిమిదీ అయ్యాక ఆపేయవచ్చా? – ఉపాధ్యాయిని, కావలి

ముందు పరగడుపు మానండి. విటమిన్ డి కొవ్వులో కరిగేది. కడుపులో నూనె, నెయ్యి, పెరుగు లాంటివేమీ లేనప్పుడు మందు లోపలికి పోయినా ఒంటికి పట్టేది తక్కువ. మధ్యాహ్నం భోజనం కాగానే అర గ్లాసు పాలలో కలిపి తాగండి. పొడి గ్లాసు గోడలకు అంటుకుంటుంది కాబట్టి మరికాసిని పాలు పోసి తొలిపి అదీ తాగేయాలి. వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఒక వారం మరిచిపోతే గుర్తొచ్చిన రోజున వేసుకుని అక్కడి నుంచి వారం లెక్కపెట్టుకోవాలి. పోయినవారానిదీ ఈవారానిదీ కలిపి రెండు వేసుకోకూడదు.

మీ 11 సంగతి. మనవాళ్లు సాధారణంగా పాటించే లెక్క ప్రకారం మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువైతే లోపం, 20 నుంచి 30 వరకు చాలీచాలనిది, 30 దాటితే సరిపోయినట్టు. 100 దాటడం మంచిది కాదు. కొన్ని ల్యాబులు నానోమోల్ లెక్కలో ఇస్తాయి. ఆ అంకెను 2.5తో భాగిస్తే నానోగ్రాముల్లోకి వస్తుంది. ఈ సంగతి తెలియక 45 నానోమోల్ వచ్చినవాళ్లు ‘నాకు బాగానే ఉంది’ అనుకుంటారు. నిజానికి అది 18. చేయించాల్సింది 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష. 1,25-డైహైడ్రాక్సీ అనే ఇంకో ఖరీదైన పరీక్ష ఉంది. లోపం ఉందో లేదో అది చెప్పదు.

ఎనిమిది సాచెట్లంటే మొత్తం 4,80,000 యూనిట్లు, రోజుకు సగటున 8,570. పెద్దవాళ్లు సొంతంగా, దీర్ఘకాలం రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదు. మీకు రాసింది అంతకు రెట్టింపు పైన ఉంది కాబట్టే దానికి ఎనిమిది వారాలని గడువు పెట్టారు. గడువు అయ్యాక పూర్తిగా ఆపేస్తే కొన్ని నెలల్లో మళ్లీ దిగిపోతుంది, ఎందుకంటే లోపం రావడానికి కారణమైన తిండీ అలవాట్లూ అలాగే ఉన్నాయి. అందుకే ఆ తర్వాత నెలకొక 60,000 గానీ (రోజుకు 2,000తో సమానం), రోజూ 1,000 యూనిట్ల మాత్ర గానీ కొనసాగిస్తారు. ఏది అన్నది మీ డాక్టరు గారితో తేల్చుకోండి. మళ్లీ పరీక్ష మొదటి సాచెట్ వేసుకున్న మూడు నెలలకు చేయించండి, వీలైతే అదే ల్యాబులో. నాలుగు వారాలకే చేయించి పెరగలేదని కంగారు పడితే డబ్బు దండగ.

మూడు నెలలకీ పెరగకపోతే మందు నకిలీదని తేల్చేయకండి. బరువు ఎక్కువ ఉన్నవాళ్లలో డి కొవ్వులో ఇంకిపోతుంది, వాళ్లకు రెండు మూడు రెట్లు అవసరమవుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫీనోబార్బిటాల్, క్షయకు వాడే రిఫాంపిసిన్ డిని త్వరగా ఖర్చు చేసేస్తాయి. కొన్ని పేగు జబ్బులుంటే సరిగా ఒంట పట్టదు. ఇవేవీ లేకపోతే పరగడుపున వేసుకోవడమూ ఒక కారణం కావచ్చు.

రొయ్యల గుంటల మీద పని చేస్తా ఉంటా. పొద్దస్తమానం ఎండలోనే. చేపలూ బాగానే తింటా. అయినా డి తక్కువుందని రాసిచ్చారు. ఎండలో పనిచేసేవాడికి కూడా తగ్గుద్దా సార్? – ముత్తుకూరు

తగ్గుతుంది. ఎండలో ఉండటం వేరు, ఎండ చర్మానికి తగలడం వేరు. ఫుల్ చేతుల చొక్కా, ప్యాంటు, తలకు చుట్టిన తువ్వాలు, ఇక మిగిలింది ముఖమూ ముంజేతులూ. అంత కొంచెం చోట తయారయ్యేది తక్కువ. నల్లని చర్మానికి తెల్లని చర్మం కంటే ఎక్కువసేపు ఎండ కావాలి.

తిండిలోనూ ఒక చిక్కుంది. మూడు పూటలా అన్నమే తిని పాలు, పెరుగు తక్కువ తీసుకునేవాళ్లకు క్యాల్షియం చాలదు. పైగా ధాన్యంలో ఉండే ఫైటేట్లు ఉన్న క్యాల్షియాన్ని కూడా పట్టి ఉంచేస్తాయి. క్యాల్షియం తక్కువైనప్పుడు శరీరం ఉన్న డిని వేగంగా వాడేస్తుంది. తిరుపతి పరిసరాల్లో పొలం పనులు చేసే గ్రామస్తుల్ని పరీక్షించినప్పుడు బయటపడింది కూడా ఇదే: ఎండ ఉంది, క్యాల్షియం లేదు, డి తక్కువ.

ఇక ఎప్పటి ఎండ అన్నది. డి తయారు చేసేది ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు. సూర్యుడు ఏటవాలుగా ఉన్నప్పుడు అవి వాతావరణంలోనే ఆగిపోతాయి. 2013లో ప్రచురితమైన తిరుపతి పరిశోధనలో పగలు 11 నుంచి 2 గంటల మధ్య తయారీ ఎక్కువగా కనిపించింది. నిలబడి మీ నీడ చూసుకోండి. నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే ఆ ఎండ పనికొస్తుంది. నెల్లూరు ఉన్న చోట మే నెల మధ్యలో ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా నీడ పొట్టిగా ఉంటుంది. డిసెంబరులో ఆ వ్యవధి సుమారు పదిన్నర నుంచి ఒకటిముప్పావు వరకే. అందుకని రోహిణి కార్తెలో ఎవరూ మిట్టమధ్యాహ్నం నిలబడక్కర్లేదు, తొమ్మిదిన్నరకు ముందే పని అయిపోతుంది. చలికాలంలో మాత్రం పన్నెండింటి ఎండే కావాలి. చొక్కా మోచేతులపైకి మడిచి, కాళ్లు మోకాళ్ల దాకా తెరిచి, వీలైతే వీపు కూడా తగిలేలా ఇరవై ముప్పై నిమిషాలు, వారానికి మూడు నాలుగుసార్లు చాలు. చర్మం కమిలేదాకా ఉండకూడదు. అద్దం లోంచి వచ్చే ఎండ, కారు కిటికీ ఎండ లెక్కలోకి రావు. గాజు యూవీబీని ఆపేస్తుంది.

చేపల్లో కూడా అన్నీ ఒకటి కావు. నూనె చేపల్లోనే డి ఎక్కువ: కవళ్లు, కానాగంతలు. వీటిలో వంద గ్రాములకు కొన్ని వందల యూనిట్ల దాకా ఉండవచ్చు, చేప ఎంత కొవ్వు పట్టి ఉందన్న దాన్నిబట్టి మారుతుంది. రొయ్యల్లో దాదాపు ఏమీ ఉండదు. గుంట మీద పనిచేస్తూ రొయ్యలే ఎక్కువ తింటుంటే మాంసకృత్తులు అందుతాయి గానీ డి అందదు. పులుసు పెట్టినప్పుడు పైకి తేలిన నూనెను తీసి పక్కన పెట్టకండి, చేపలోంచి వచ్చిన డి కొంత అందులోనే ఉంటుంది. వేపుడులో ఆ భాగం బాండీలో మిగిలిపోతుంది. నెత్తళ్లు ముళ్లతో సహా నమిలి తింటే క్యాల్షియం కూడా వస్తుంది.

మేం శాకాహారులం. గుడ్డు కూడా తినం. మాత్రలు లేకుండా తిండితోనే సరిచేసుకునే దారి చెప్పండి. – మూలాపేట, నెల్లూరు

లోపం వచ్చాక తిండితోనే సరిచేసుకోవడం మీకు సాధ్యం కాదని ముందే చెప్పేస్తున్నాం. పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్లు కావాలి. మీ వంటింట్లో ఉన్నవాటితో లెక్క వేసి చూడండి.

పాల ప్యాకెట్ మీద నీలిరంగులో ‘+ఎఫ్’ గుర్తు ఉంటే అందులో ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం. లీటరుకు 200 నుంచి 300 యూనిట్లు ఉండాలన్నది నిబంధన. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసుకు 40 నుంచి 60. అదే గుర్తున్న వంటనూనెలో గ్రాముకు 4.4 నుంచి 6.4 యూనిట్లు కలుపుతారు. రోజుకు నాలుగు చిన్న చెంచాల నూనె వాడితే ఓ 90 నుంచి 130. కాచినా పాలలో డి పెద్దగా పోదు. నూనె మాత్రం మళ్లీ మళ్లీ మరిగిస్తే తరుగుతుంది. ఇంటి దగ్గర పిండించుకునే గేదె పాలు చిక్కగా ఉంటాయి, క్యాల్షియానికి మంచివి, డికి మాత్రం కలిపిన ప్యాకెట్ పాలే నయం. గానుగ నూనెలోనూ అంతే, ఎవరూ కలపందే ఉండదు. (గుడ్డు తినే ఇళ్లవాళ్లకు: ఒక గుడ్డులో 40 యూనిట్ల చిల్లర, అదీ పచ్చసొనలోనే. తెల్లసొన మాత్రమే తినేవాళ్లకు సున్నా.)

మీకు నిజంగా ఉపయోగపడే తిండి ఒకటుంది, పుట్టగొడుగులు. మన చర్మంలాగే వాటికీ ఎండ తగిలితే డి తయారవుతుంది, డి2 రకం. ప్యాకెట్‌లో కొన్నవి చీకటి గదిలో పెరిగినవి కాబట్టి అలాగే వండితే లాభం లేదు. తడిగుడ్డతో తుడిచి, పలచని ముక్కలుగా కోసి, పళ్లెంలో ఒక్క వరసగా పరచండి. 11, 1 గంటల మధ్య అరగంట నుంచి గంట సేపు నేరుగా ఎండలో పెట్టాలి. పైన గాజు మూత గానీ ప్లాస్టిక్ కాగితం గానీ కప్పకూడదు. కాకుల భయం ఉంటే పలచని వల చాలు. వంద గ్రాములకు 400 యూనిట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తయారవుతాయి. అదే రోజు నూనెతో కూర వండుకోండి. పుట్టగొడుగులు వద్దనుకునే ఇళ్లలో మాత్ర తప్ప దారి లేదు. మాత్రల్లో మామూలుగా ఉండే డి3 రకాన్ని సాధారణంగా గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తీస్తారు, గుళిక తొడుగు జంతువుల జెలటిన్‌తో చేస్తారు. అది పట్టింపు అయితే లైకెన్ (రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరిగే పాచిలాంటిది) నుంచి తీసిన డి3 గానీ డి2 గానీ అడగండి.

తిండి మీద మీ శ్రమనంతా క్యాల్షియం వైపు మళ్లించండి, అది వంటింట్లోనే దొరుకుతుంది. రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలి. యాభై గ్రాముల రాగిపిండి జావలో 180 దాకా, రెండు గ్లాసుల పాలూ పెరుగూ కలిపి 480 దాకా, రెండు చెంచాల నువ్వుల పొడిలో 200 పైన, గుప్పెడు మునగాకు పప్పులో వేస్తే మరికొంత. పాలకూరలో క్యాల్షియం ఉన్నా ఆగ్జలేట్లు దాన్ని ఒంటబట్టనివ్వవు. దాన్ని ఈ లెక్కలో వేయకండి.

మా మనవరాలికి నాలుగు నెలలు. రోజూ పొద్దున్న ఏడింటికి లేత ఎండలో పడుకోబెడుతున్నాం. డాక్టరమ్మ చుక్కలు రాశారు. తల్లిపాలు తాగే బిడ్డకు అవి అవసరమా? – అమ్మమ్మ, ఒంగోలు

అవసరమే అమ్మా. తల్లిపాలు అన్నిటికీ మంచివే గానీ డి మాత్రం వాటిలో చాలా తక్కువ. పుట్టినప్పటి నుంచి ఏడాది నిండేదాకా రోజుకు 400 యూనిట్లు ఇవ్వాలి. ఏడింటి ఎండ వెచ్చగా హాయిగా ఉంటుంది, డి మాత్రం తయారు కాదు. పసిబిడ్డను పదకొండింటి ఎండలో పెట్టలేం. అందుకే చుక్కలు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది కొలత దగ్గర. ఒక సీసాలో మిల్లీలీటరుకు 400 యూనిట్లుంటే మరో కంపెనీ సీసాలో 800 ఉండవచ్చు, కొన్నిటిలో ఒక్క చుక్కకే 400. సీసా మారితే పాత లెక్కతో పోయకండి, పెట్టె మీద చదివి మందుల షాపులో అడిగి తెలుసుకోండి. ఆ సీసాతో వచ్చిన డ్రాపర్‌నే వాడండి. పెద్దవాళ్లు తాగే 5 మిల్లీలీటర్ల చిన్న సీసాలు కూడా ‘డి3’ పేరుతోనే వస్తాయి, ఒక్కోదానిలో 60,000 యూనిట్లుంటాయి. అవి బిడ్డ చుక్కలతో ఒకే అరలో పెట్టకండి. పొరపాటున ఒకటి పడిందంటే బిడ్డకు అయిదు నెలల మోతాదు ఒక్కసారే పోయినట్టు.

మా నాయనకు 61. మెడ పట్టేసింది, వంగలేడు, మోకాళ్లు నొప్పి. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని తేల్చారు. డి కూడా 14 వచ్చింది. డి మాత్రలు వేస్తే నొప్పులు తగ్గుతాయా? – పొదిలి

కొంత తగ్గవచ్చు. మొత్తం తగ్గుతాయని చెప్పలేం. ఇక్కడ రెండు జబ్బులు కలిసి ఉండే అవకాశం ఉంది.

డి లోపం నొప్పి ఎముకలోంచి వస్తుంది. ముంగాలు ఎముకను బొటనవేలితో నొక్కితే కలుక్కుమంటుంది. తొడల్లో బలం తగ్గి కింద కూర్చున్నవాడు చేతులు ఆనించకుండా లేవలేడు, మెట్లు కష్టం. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్‌లో బిగుసుకుపోవడం ఎక్కువ. మూడు పనులు చేయించి చూడండి: గడ్డం ఛాతీకి ఆనించడం, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోవడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టడం. ఇవి చేయలేకపోతే ఫ్లోరోసిస్‌ను అనుమానించాలి. ఎక్స్‌రేలో కూడా తేడా ఉంటుంది. డి లోపంలో ఎముక పలచగా కనిపిస్తుంది, ఫ్లోరోసిస్‌లో చిక్కబడి స్నాయువుల దగ్గర సున్నం పేరుకుంటుంది.

ఈ రెండూ ఒకదాన్నొకటి ముదరబెడతాయి. 1973లోనే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నాగార్జునసాగర్ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగేవాళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని నమోదు చేశారు. తిండిలో క్యాల్షియం తక్కువైన చోట ఫ్లోరైడ్ ఎముకల్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది. భోజనంలో క్యాల్షియం సరిపడా ఉంటే అది పేగులోనే ఫ్లోరైడ్‌తో కలిసి కొంతవరకు లోపలికి పోనివ్వదు. కాబట్టి పెరుగు, రాగులు, నువ్వులు మీ నాయనకు మాత్రల కంటే తక్కువేం కాదు.

కానీ నీళ్లు మార్చకుండా డి వేసి లాభం లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగడానికే కాదు, అన్నం వండటానికీ వాడాలి. అన్నం ఆ నీళ్లన్నీ పీల్చుకుంటుంది. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం తీసేస్తుంది, పొర పాతబడ్డాక సరిగా తీయదు, ఏడాదికోసారి నీళ్లు పరీక్ష చేయించుకోవాలి. పాలు లేని చిక్కని టీ, నల్ల ఉప్పు తగ్గించండి.

మందు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, క్యాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్షలు తప్పకుండా చేయించండి. కిడ్నీ దెబ్బతిని ఉంటే డి, క్యాల్షియం లెక్క వేరుగా ఉంటుంది, అది కిడ్నీ డాక్టరు గారు చూడాల్సిన పని.

మా అత్తమ్మ 60,000 గుళికలు రోజుకొకటి చొప్పున పన్నెండు రోజులు వేసేసుకుంది. నిన్ననే తెలిసింది. విరుగుడు ఉందా? – సింగరాయకొండ

ఈరోజే డి, క్యాల్షియం రెండూ ఆపేయండి. మల్టీవిటమిన్ మాత్ర, కాడ్ లివర్ గుళికల్లో కూడా డి ఉంటుంది, అవీ ఆపండి. రేపే రక్తంలో క్యాల్షియం, క్రియాటినిన్, 25-హైడ్రాక్సీ డి పరీక్ష చేయించండి. పన్నెండు గుళికలంటే 7,20,000 యూనిట్లు. కిడ్నీలు బాగున్న చాలామందికి ఇంతలోనే ప్రమాదం రాదు, కాబట్టి హడలిపోవద్దు. దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, ఆకలి లేకపోవడం, మాట తడబడటం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా పరీక్ష దాకా ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. హాని చేసేది పెరిగిన క్యాల్షియం. డి కొవ్వులో నిల్వ ఉండి నెలల తరబడి దిగుతుంది కాబట్టి ఒక్క పరీక్షతో సరిపెట్టకుండా డాక్టరు గారు చెప్పిన వ్యవధిలో మళ్లీ చేయించాలి. గుండె, కిడ్నీ జబ్బులు లేకపోతే నీళ్లు బాగా తాగించండి. ఆమె బీపీకి క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్న మాత్ర గానీ, గుండెకు డిగాక్సిన్ గానీ వాడుతుంటే డాక్టరు గారికి ముందుగా ఆ సంగతే చెప్పండి. మొదటి రెండూ క్యాల్షియాన్ని ఇంకా పెంచుతాయి. క్యాల్షియం పెరిగి ఉన్నప్పుడు డిగాక్సిన్‌తో గుండె లయ తప్పవచ్చు.

ఈ పొరపాటు తరచూ జరిగేదే. బీపీ, షుగరు మాత్రలు రోజూ మింగే అలవాటున్నవాళ్లకు వారానికొకటి అనే లెక్క తట్టదు. చీటీ మీద రాసింది వాళ్లు చదవలేకపోవచ్చు. కొన్నప్పుడే ప్రతి గుళిక వెనక రేకు మీద తేదీ పెన్నుతో రాసి, ఆరోజుది మాత్రమే కత్తిరించి చేతికివ్వండి. మిగతా పట్టీ రోజువారీ మాత్రల డబ్బాలో పెట్టకూడదు.

ఆరు లక్షల యూనిట్ల సూది ఒక్కటి వేయించుకుంటే ఏడాది పాటు పని లేదంటున్నారు. వేయించుకోమంటారా? – దర్శి

వద్దు. నోటితో వేసుకోగలిగినవాళ్లకు సూది అవసరం లేదు. కండలోంచి ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఎక్కుతుంది, పోయినదాన్ని వెనక్కి తీయలేం. 2010లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో పెద్ద వయసు ఆడవాళ్లకు ఏడాదికోసారి అయిదు లక్షల యూనిట్లు నోటితోనే ఇచ్చారు. ఇవ్వనివాళ్ల కంటే వాళ్లే ఎక్కువగా పడిపోయారు, ఎముకలూ ఎక్కువగా విరిగాయి. పేగు జబ్బు వల్ల మందు ఒంటబట్టనివాళ్లకు మాత్రం సూదే గతి కావచ్చు.

డితో పాటు కె2 కూడా ఉన్న మాత్రే మంచిదా? జుట్టుకు బయోటిన్ వాడుతున్నాను, ఇబ్బందా? – కొత్తపట్నం

కె2 అంటే కె విటమిన్‌లో ఒక రకం. అది అందరికీ కావాలని చెప్పడానికి తగిన ఆధారం లేదు. ధర మాత్రం ఎక్కువే. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు దాని జోలికి పోకూడదు, ఆ మందుల పనిని కె విటమిన్ చెడగొడుతుంది. బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడుతుంటే కొన్ని ల్యాబు యంత్రాల్లో డి ఉన్నదాని కంటే ఎక్కువగా చూపిస్తుంది. రక్తం ఇవ్వడానికి రెండు మూడు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబులో చెప్పండి.

క్యాల్షియం మాత్ర కొనేటప్పుడు రేకు మీద ‘క్యాల్సిట్రయోల్ 0.25 మైక్రోగ్రాములు’ అని ఉందేమో చూడండి. అది మామూలు డి3 కాదు, శరీరం చివరగా తయారుచేసుకునే చురుకైన రూపం. ముఖ్యంగా కిడ్నీ రోగులకూ, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు పనిచేయనివాళ్లకూ ఉద్దేశించింది. మామూలు లోపానికి వాడితే పరీక్షలో డి అంకె పెరగదు, క్యాల్షియం మాత్రం పెరిగిపోవచ్చు.

అయిదో నెల. ఆరోగ్య కేంద్రంలో క్యాల్షియం మాత్రలు, ఐరన్ మాత్రలు ఇచ్చారు. రెండూ రాత్రి ఒకేసారి వేసుకుంటున్నాను. పైగా డి సాచెట్ కూడా తాగాలా? – ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

రెండూ కలిపి వేసుకోవద్దు, క్యాల్షియం ఐరన్‌ను ఒంటబట్టనివ్వదు. ప్రభుత్వం ఇచ్చే క్యాల్షియం మాత్ర ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల క్యాల్షియం, 250 యూనిట్ల డి3 ఉంటాయి. రోజుకు రెండు, ఒకటి పొద్దున తిన్నాక, ఇంకొకటి మధ్యాహ్నం భోజనం తర్వాత. రెండూ ఒకేసారి మింగితే ఒంటికి పట్టేది తగ్గుతుంది. ఐరన్ మాత్ర రాత్రికి ఉంచి, భోజనమైన రెండు గంటలకు నిమ్మరసం నీళ్లతో వేసుకోండి. పాలతోనూ టీతోనూ వద్దు. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే దానికీ క్యాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. క్యాల్షియం కాన్పు అయ్యాక కూడా ఆరు నెలలు కొనసాగించాలి.

ఆ రెండు మాత్రలతో రోజుకు 500 యూనిట్ల డి వచ్చేస్తోంది. 60,000 సాచెట్ మీ అంతట మీరు కొని తాగకండి. పరీక్షలో లోపం తేలితే మోతాదు మీ డాక్టరమ్మ రాస్తారు.